నాణేలను ఆన్‌లైన్‌లో అమ్మడం: చార్మినార్ రూపాయి మొదలు ఎన్టీఆర్ నాణెం వరకు

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల మీ దగ్గర ఉంటే లక్షలు ఇస్తామని చెప్పే వీడియోలు చూసి, దేవుడి గూట్లో ఉన్న చిల్లరంతా తీసి బల్ల మీద పరిచిన వాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఆ బిళ్ల విరివిగా చెలామణిలోకి వచ్చిన మామూలు స్మారక నాణెం, సేకరణకర్తలు దానికి ఇచ్చేది కూడా మామూలు ధరే. ఇలాంటి ప్రకటనల్లో రిజర్వు బ్యాంకు పేరూ ముద్రా వాడుకుని, రుసుము, కమీషన్, పన్ను అంటూ ముందుగా డబ్బు గుంజే ముఠాలు పెరగడంతో 2021 ఆగస్టు 4న ఆ బ్యాంకే ఒక హెచ్చరిక జారీ చేసింది. పాత నోట్లూ నాణేల క్రయవిక్రయాలతో తమకు ఏ సంబంధమూ లేదని, అందుకోసం ఎవరి దగ్గరా ఎలాంటి రుసుమూ అడగమని అందులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ నాణెం కొనడానికి మీ దగ్గరే డబ్బు అడిగేవాడు కొనుగోలుదారుడు కాడు.

అలాగని నిజమైన బజారు లేదనుకోవద్దు. అది ఉంది, నిదానంగా నడుస్తుంది, తెలిసినవాడికి తగిన ధర ఇస్తుంది. అమ్మకంలో ప్రకటన పెట్టడం అరగంట పని, అంతకు ముందు నాణేన్ని తెలుసుకోవడమే అసలు పని. ఈ మార్గదర్శిలో ఆ తెలుసుకోవడానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి దశ: అమ్మే హక్కు ఉందో లేదో తేల్చుకోవడం

నాణెం మీ చేతికి ఎలా వచ్చిందన్నది మొదటి ప్రశ్న. తాతగారు దాచిపెట్టినవో, మీరు డబ్బు పెట్టి కొన్నవో అయితే ఇబ్బంది లేదు. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో బయటపడినవైతే మాత్రం అవి మీవి అనుకోవడానికి వీల్లేదు. లంకెబిందెలు దొరికినవాడిదే అదృష్టమని కథల్లో చెప్పుకుంటాం గానీ, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెట్టి ఆన్‌లైన్‌లో అమ్మజూపితే నేరమవుతుంది. కోటిలింగాల వంటి చోట్ల దొరికిన శాతవాహన నాణేలే మన చరిత్రలో ఎన్నో పేజీలను నింపాయని గుర్తుంచుకుంటే, ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో ప్రశ్న నాణెం వయసు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు అవుతుంది. అలాంటి దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం, తప్పు రుజువైతే జైలు శిక్ష కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉంటుంది. దేశం లోపల మీ స్వంత సేకరణలోని నాణేన్ని అమ్ముకోవడం వేరు, పురావస్తువుల వ్యాపారం చేయడం వేరు. రెండోదానికి ఆ చట్టం కింద లైసెన్సు కావాలి. నూరేళ్ల గీత ఏటా ఒక్కో ఏడు ముందుకు జరుగుతుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. విక్టోరియా, ఎడ్వర్డ్ బొమ్మల రూపాయలన్నీ ఎప్పుడో గీత దాటాయి, ఐదో జార్జి తొలినాటివీ దాటాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలు సెలవులకు వచ్చి, నాయనమ్మ ఇచ్చిన వెండి రూపాయలను సూట్‌కేసులో వేసుకుని వెళ్లి అక్కడి ఈబే అనే క్రయవిక్రయాల వెబ్‌సైటులో పెట్టడం మన కుటుంబాల్లో వినబడే సంగతే. అది కూడా ఎగుమతి కిందికే వస్తుంది. నూరేళ్లు నిండలేదని మీకు నమ్మకం ఉన్నా, విమానాశ్రయంలో వాదించుకునే పరిస్థితి రాకుండా భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదనే ధ్రువపత్రం ముందుగానే తీసుకోవడం మేలు.

రెండో దశ: నాణేన్ని గుర్తుపట్టడం

ఒక చిన్న త్రాసు (గ్రాములో నూరో వంతు చూపేది), మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ కాలిపర్, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, ఒక అయస్కాంతం ఉంటే చాలు. ప్రతి నాణేనికీ బరువు, వ్యాసం, లోహం, బొమ్మ వైపు రాత, బొరుసు వైపు రాత, సంవత్సరం, టంకశాల గుర్తు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ వివరాలతో న్యూమిస్టా అనే ఉచిత వెబ్‌సైటులో వెతికితే నాణెం ఏ రకానిదో, దాని కేఎం (క్రౌజ్-మిష్లర్ నాణేల కేటలాగు) సంఖ్య ఏమిటో తెలుస్తుంది. సేకరణకర్తలు నాణేలను ప్రస్తావించుకునేది ఎక్కువగా ఆ సంఖ్యతోనే.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే వాటి సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. హైదరాబాదు సంస్థానంలో నిజాం రూపాయిని హాలీ సిక్కా అనీ, బ్రిటిషు రూపాయిని కల్దార్ అనీ పిలిచేవారు, ఈ పేర్లు పాత సేకరణకర్తల నోట ఇప్పటికీ వినబడతాయి. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అందులో చార్మినార్ నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది గనుక దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. 1337 అని ఉంటే 1918-19 ప్రాంతమన్నమాట. నూరేళ్ల లెక్క వేయడానికి ఈ సూత్రమే ఆధారం, దాని ప్రకారం మొదటి విడత చార్మినార్ వెండి రూపాయల్లో చాలావరకు పురావస్తువులే అవుతాయి. ఉస్మాన్ అలీ ఖాన్ చివరి ఏళ్ల రూపాయల్లో వెండి బాగా తగ్గిపోయింది కాబట్టి సంవత్సరం చదవకుండా ధర చెప్పకూడదు.

కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు వచ్చిన వాటిలో వెండి 91.7 శాతం, 1940 నుంచి 1945 వరకు వచ్చిన వాటిలో 50 శాతం మాత్రమే. 1947 నాటి పులి బొమ్మ రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది. దాన్ని వెండి అనుకుని అమ్మజూపేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. 1862 అని రాసి ఉన్న విక్టోరియా రూపాయి పాతదే అయినా అరుదైనది కాదు, అదే సంవత్సరం వేసి చాలా ఏళ్లు ముద్రిస్తూ పోయారు. 1911 నాటి ఐదో జార్జి రూపాయికి మరో కథ ఉంది. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని అలజడి రేగి, మరుసటి ఏడు బొమ్మను సరిదిద్దారు. అందువల్ల ఆ ఒక్క ఏటి నాణేనికి గిరాకీ ఉంది. పాతదనం వేరు, అరుదుతనం వేరు అని చెప్పడానికి ఈ రెండు రూపాయలూ చాలు.

స్వాతంత్ర్యం తరువాతి నాణేల్లో సంవత్సరం కింద ఉన్న గుర్తును చూడాలి. ఐదు కోణాల నక్షత్రం హైదరాబాదు, వజ్రాకారం ముంబై, గుండ్రటి చుక్క నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. కొన్ని సంవత్సరాలలో ఒక టంకశాల నాణెం సులభంగా దొరికి, మరో టంకశాలది దొరకకుండా ఉంటుంది. ప్రకటనలో ఈ గుర్తు రాయకపోతే తెలిసిన కొనుగోలుదారుడు ముందుకు రాడు. హైదరాబాదు టంకశాలలోనే తయారై 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం చెలామణి కోసం వచ్చింది కాదు. 35 గ్రాముల బరువు, 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి. దాన్ని అమ్మాలంటే దాంతో వచ్చిన పెట్టె, పుస్తకం ఉండాలి, వేలిముద్రలు మాత్రం పడకూడదు.

మూడో దశ: నకిలీని ముందు మీరే పట్టుకోవడం

తెలియక నకిలీని అమ్మినా మాట పడేది మీరే. ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి, రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న రాగి బిళ్లలు తెలుగు జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు, అవి తరువాతి కాలంలో చేసిన బిళ్లలు. పూజలో పెట్టుకోవడానికి పనికొస్తాయి గానీ నాణేలుగా అమ్మడానికి కాదు. ఇలాంటి బిళ్లలకే బియ్యం గింజలను ఆకర్షించే శక్తి ఉందని చెప్పి లక్షలు కాజేసే రైస్ పుల్లింగ్ ముఠాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. మీ ప్రకటనకు అలాంటి ‘శక్తి పరీక్ష’ అడుగుతూ ఎవరైనా ఫోన్ చేస్తే మర్యాదగా పెట్టేయండి.

వెండి రూపాయికి ఇంట్లోనే చేసుకోగల మంచి పరీక్ష ఒకటి ఉంది. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు చూపే అంకె ఆ నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పొడిగా ఉన్నప్పటి బరువును ఆ అంకెతో భాగిస్తే లోహం సాంద్రత వస్తుంది. 91.7 శాతం వెండి ఉన్న కల్దార్‌కు ఆ అంకె 1.13 దగ్గర, సాంద్రత 10.3 దగ్గర ఉండాలి. వెండి పూత పూసిన ఇత్తడి అయితే సాంద్రత ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోతుంది. ఆ తరువాత అంచు చూడండి. పోత పోసిన నకిలీలో అంచు పళ్లు మొద్దుబారి, నడుమ సన్నని అతుకు గీత కనిపిస్తుంది, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు ఉంటాయి. 1939 రూపాయి వంటి అరుదైన వాటిలో చివరి అంకెను భూతద్దంతో తప్పక పరిశీలించాలి, ఎందుకంటే ధర ఎక్కడ ఉంటే నకిలీ అక్కడ ఉంటుంది.

ముద్రణ లోపాల పేరిట వచ్చే నాణేలదీ ఇదే కథ. బొమ్మ పక్కకు జరిగి పడటం, ఒకే బొమ్మ రెండో వైపు తిరగేసి లోతుగా అచ్చు పడటం టంకశాలలో జరిగే లోపాలు, వాటికి విలువ ఉంది. సుత్తి దెబ్బ తిన్నది, రైలు పట్టా మీద పెట్టి నలిపినది లోపపు నాణెం కాదు, పాడైన నాణెం.

నాలుగో దశ: స్థితిని నిర్ణయించడం, తోమకుండా ఉండటం

నేను మొదట అమ్మిన హాలీ రూపాయిని కొనుగోలుదారుడి కంటికి బాగుండాలని చింతపండుతో, ఆపై విబూదితో రాగి చెంబు తోమినట్లు తోమాను. తళతళలాడింది. దాన్ని చూసిన పెద్దాయన ఒక్క మాటే అన్నారు: ‘దీన్ని వెండి ధరకు తీసుకుంటాను బాబూ, నాణెం ధరకు కాదు.’ ఆయన అన్యాయం చేయలేదు. దశాబ్దాల తరబడి వెండి మీద పట్టిన ఆ సన్నని నలుపు పొరే నాణేన్ని ఎవరూ తోమలేదనడానికి సాక్ష్యం, తోమినప్పుడు అది పోవడమే కాక భూతద్దంలో వెంట్రుకల్లాంటి గీతలు మిగులుతాయి. అంటుకున్న జిడ్డు, టేపు జిగురు మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా గాలికి ఆరబెట్టవచ్చు. అది కూడా కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి.

స్థితికి అంతర్జాతీయంగా 70 అంకెల కొలమానం ఉంది. మన బజారులో ‘ఫైన్’, ‘వెరీ ఫైన్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’, ‘అన్‌సర్క్యులేటెడ్’ అన్న మాటలే ఎక్కువగా నడుస్తాయి. రాజు బొమ్మలో చెవి, కిరీటం, వస్త్రం మీది నగిషీ మొదట అరిగేవి, కాబట్టి కన్ను ముందు అక్కడికే వెళ్లాలి. అనుమానం వస్తే ఒక మెట్టు తగ్గించి రాయండి. పార్సిల్ విప్పినవాడికి రాసినదానికన్నా మంచి నాణెం కనిపిస్తే రెండోసారి మీ దగ్గరికే వస్తాడు. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, స్థితి అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తాయి. ఆ ఖర్చు అరుదైన నాణేలకే గిట్టుతుంది, వెయ్యి రూపాయలు పలికే నాణేనికి ఆ పెట్టె దండగ.

దాచేటప్పుడు మెత్తని పీవీసీ జేబుల ఆల్బములు వద్దు. కొన్నేళ్లకు వాటి నుంచి పచ్చని జిగురు దిగి లోహాన్ని తింటుంది. చదరపు అట్ట మధ్య పారదర్శక పొర ఉన్న హోల్డర్లు చవకగా దొరుకుతాయి.

ఐదో దశ: ధర

వెండి నాణేనికి ముందు కనీస ధర కట్టాలి. 1939 లోపు కల్దార్‌లో అసలు వెండి సుమారు 10.7 గ్రాములు, 1940ల దానిలో 5.8 గ్రాములు, మొదటి రకం హాలీ రూపాయిలో 9.1 గ్రాములు. ఆ అంకెను ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణిస్తే వచ్చేదానికన్నా తక్కువకు ఇవ్వనక్కర్లేదు. ఆపైన నాణెం విలువ ఎంతో తెలియాలంటే అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు చూడటం శుద్ధ దండగ, ఎందుకంటే లక్ష అడగడానికి ఎవరికీ ఖర్చు లేదు. ఈబేలో ‘అమ్ముడుపోయినవి’ అన్న వడపోత పెట్టి చూడండి, వేలం సంస్థలు ప్రచురించే పాత ఫలితాలు చూడండి. అదే రకం, అదే టంకశాల, దగ్గరి స్థితి ఉన్న మూడు నాలుగు అమ్మకాలు దొరికితే ధర మీకే అర్థమవుతుంది. విదేశంలో పలికిన ధరను డాలర్ల నుంచి మార్చి ఇక్కడ ఆశించడం తప్పు, అక్కడి గిరాకీ వేరు.

1957 నుంచి వచ్చిన నయా పైసల వంటి మామూలు నాణేలను విడివిడిగా అమ్మితే పంపే ఖర్చే మించిపోతుంది. సంవత్సరాల వరుసగానో టంకశాలల వరుసగానో ఒక సెట్టుగా కూర్చి అమ్మడం తెలివైన పని.

ఆరో దశ: ఎక్కడ అమ్మాలి

ఒకప్పుడు ఈ వ్యాపారమంతా ఈబే భారత విభాగంలో నడిచేది, 2018 ఆగస్టులో అది మూతపడింది. ఇప్పుడు దారులు మూడు. విలువైనదైతే బెంగళూరులోని మరుధర్ ఆర్ట్స్, ముంబైలోని తోడీవాలా ఆక్షన్స్, అహ్మదాబాదులోని క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ వంటి వేలం సంస్థలకు అప్పగించవచ్చు. అవి ఆన్‌లైన్‌లో కూడా వేలం పాటలు స్వీకరిస్తాయి. అమ్మకందారు కమీషన్ ఎంత, అమ్ముడుపోకపోతే ఏమిటి, డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది అనే మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. నూరేళ్లు దాటిన వాటికి నా సలహా ఈ దారే. మధ్యస్థపు నాణేలకు ఫేస్‌బుక్‌లోని సేకరణకర్తల బృందాలు మంచివి, అక్కడ మీ పేరుకున్న పరపతే పెట్టుబడి. ఓఎల్ఎక్స్ వంటి సాధారణ ప్రకటనల చోట్ల కొనేవాళ్ల కన్నా కబుర్లు చెప్పేవాళ్లు ఎక్కువ. అదే ఊళ్లో ముఖాముఖిగా ఇచ్చిపుచ్చుకునేందుకు మాత్రం పనికొస్తాయి.

ఏడో దశ: ఫొటోలు, వివరణ

ఉదయం పూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, బూడిద రంగు కాగితం మీద నాణెం పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఉండాలి, ఒక ఫొటోలో పక్కన స్కేలు ఉండాలి, మరొకదానిలో త్రాసు మీది అంకె కనిపించాలి. ఫిల్టర్లతో మెరుపు పెంచిన ఫొటో తరువాత మీ మీదే సాక్ష్యమవుతుంది. గీత, చిల్లు, తాయెత్తుగానో కాసుల పేరులోనో వాడటానికి వేసిన కొక్కెం గుర్తు ఏది ఉన్నా దగ్గరగా తీసి చూపండి.

శీర్షికలో ‘అరుదైన’, ‘పురాతన’ అనే మాటలకు చోటు వృథా చేయకుండా, సంస్థానం లేక పాలకుడు, విలువ, సంవత్సరం, టంకశాల, లోహం, స్థితి ఇదే వరుసలో రాయండి. వివరణలో బరువు, వ్యాసం, కేఎం సంఖ్య, లోపాలు, తోమినదైతే తోమినదని, వాపసు గడువు, నూరేళ్లు దాటితే దేశం వెలుపలికి పంపబోమన్న మాట ఉండాలి. ఇంటి చిరునామా గానీ, మొత్తం సేకరణ పరిచి తీసిన ఫొటో గానీ పెట్టకండి.

ఎనిమిదో దశ: డబ్బు చేతికి వచ్చేదాకా

డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎన్నడూ ఉండదు. క్యూఆర్ కోడ్ పంపి ‘స్కాన్ చేస్తే మీ ఖాతాలో పడుతుంది’ అనేవాడు, సైనికాధికారినని గుర్తింపు కార్డు ఫొటో పంపేవాడు, పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి అనేవాడు ముగ్గురూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. చెల్లింపు జరిగినట్లు పంపిన స్క్రీన్‌షాట్‌ను కాక మీ బ్యాంకు ఖాతానే చూసుకోండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

తొమ్మిదో దశ: కట్టి పంపడం

నాణెం హోల్డర్‌లో, హోల్డర్ రెండు గట్టి అట్టల మధ్య, అట్టలు టేపుతో కదలకుండా, ఆపైన బుడగల కవరు. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు, చప్పుడే దొంగకు కబురు. పైన ‘నాణేలు’ అని రాయకండి. నాణెం బరువు చూపడం దగ్గర్నుంచి కవరు అతికించేదాకా ఆపకుండా ఒకే వీడియో తీసుకోండి, ‘ఖాళీ కవరు వచ్చింది’ అన్న ఫిర్యాదుకు దానికి మించిన జవాబు లేదు. చాలా ప్రైవేటు కొరియర్ల షరతుల్లో డబ్బు, విలువైన లోహాలు, పురావస్తువులు తీసుకోబోమని ఉంటుంది. అబద్ధం రాసి పంపితే పోయినప్పుడు పైసా రాదు. తపాలా కార్యాలయంలో కౌంటరు దగ్గరే విషయం చెప్పి, బీమాతో పంపడం నాకు నచ్చిన దారి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, చిరునామాదారుడి చేతికే ఇవ్వాలంటే స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ అదనంగా అడగాలి. రసీదు మీది బరువు కూడా ఒక సాక్ష్యమే, జాగ్రత్త చేయండి.

పదో దశ: వాపసు, లెక్కలు

వాపసుకు వారం గడువు ఇవ్వండి, హోల్డర్ విప్పకూడదన్న షరతు పెట్టండి. తిరిగి వచ్చిన నాణేన్ని మళ్లీ తూచి, పాత ఫొటోతో గీత గీతనూ పోల్చిన తరువాతే డబ్బు తిరిగి పంపాలి, నాణెం మార్చి పంపేవాళ్లు అరుదే గానీ లేకపోలేదు. తాతగారి పెట్టెలోని నాలుగు రూపాయలు అమ్ముకోవడానికీ, కొని అమ్మడమే పనిగా పెట్టుకోవడానికీ పన్ను లెక్కలు వేరు. ఈ-కామర్స్ వేదిక ద్వారా వేరే రాష్ట్రానికి వస్తువులు అమ్మే వ్యాపారికి టర్నోవరు చిన్నదైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఆదాయపు పన్ను చట్టం పురావస్తు సేకరణలను ఇంటి సామానుతో సమానంగా చూడదు కనుక, పెద్ద మొత్తం చేతికి వచ్చిన ఏడు ఆడిటరును అడగండి. ఆయన మొదట అడిగేది నాణెం ఎప్పుడు, ఎంతకు, ఎవరి ద్వారా వచ్చిందని. రెండో దశలో బరువులు రాసుకున్న పుస్తకంలోనే ఆ మూడు గడులు కూడా గీసుకుని ఉంచుకుంటే, అప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.